పడవ ఇల్లా, వాహనమా? ఇంగ్లండు కాలువల మీద ఒక పాత తగాదా

1944 డిసెంబరులో, యుద్ధం ఇంకా ముగియకముందే, 'నారో బోట్' అనే పుస్తకం వెలువడింది. రచయిత ఎల్. టి. సి. రోల్ట్ వృత్తిరీత్యా ఇంజినీరు. 1939 వేసవిలో ఆయన పెళ్ళి చేసుకుని, భార్య ఏంజెలాతో కలిసి 'క్రెసీ' అనే పాత సరుకుల పడవలో కాపురం పెట్టారు. బాన్‌బరీ పట్టణం నుంచి బయలుదేరి మధ్య ఇంగ్లండు కాలువల మీద తిరిగారు. ఆ తిరుగుడు కథే ఈ పుస్తకం. యాత్రాకథనంగా మొదలై, పేజీలు తిరిగేకొద్దీ అది అంతరించిపోతున్న ఒక వృత్తికి సాక్ష్యంగా మారుతుంది. లాకుల దగ్గర వంతుకోసం కాచుకున్న సరుకు పడవలు, గులాబీలూ కోటలూ చిత్రించిన క్యాబిన్ తలుపులు, మెరిసే ఇత్తడి గుబ్బలు, భర్త చుక్కాని పట్టుకుంటే గట్టున గుర్రాన్ని నడిపించే భార్య: ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం రెండేళ్ళు తిరక్కముందే ఒక సంఘాన్ని పుట్టించింది. ఏడేళ్ళు నిండేలోపు ఆ సంఘమే రచయితను వెళ్ళగొట్టింది.

ఆ వెళ్ళగొట్టడం వెనక ఉన్న తగాదా రోల్ట్‌తో మొదలు కాలేదు, ఆయనతో ముగియనూ లేదు. ఇంగ్లండు కాలువల మీద పడవ ఉన్నవాడి చరిత్ర అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పడవ ఇల్లా, వాహనమా? వాహనమైతే కదలాలి, రుసుము కట్టాలి, పాడైతే తప్పుకోవాలి. ఇల్లయితే అందులో ఉన్నవాడికి ఇంటివాడి హక్కులు రావాలి. దానితోపాటు ఆ ఇంట్లోకి తొంగిచూసే అధికారం ప్రభుత్వానికీ వస్తుంది. 1877లో పార్లమెంటు పడవను ఇల్లుగా చూసింది. 1995లో వాహనంగా చూసింది. రెండుసార్లూ ఆ చూపు వల్ల నలిగినవాళ్ళు పడవలో కాపురమున్న మనుషులే.

ఏడడుగుల వెడల్పు

ఈ కథకు పునాది ఒక కొలత. 1761లో బ్రిడ్జ్‌వాటర్ డ్యూకు తన వర్స్‌లీ గనుల బొగ్గును మాంచెస్టరుకు చేర్చడానికి కాలువ తెరిపించాడు. ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ ఆ కాలువను ఇర్వెల్ నది మీదుగా అక్విడక్టు మీద దాటించాడు. వైనతేయ గోదావరిని దాటే గన్నవరం అక్విడక్టును ఎరిగిన కోనసీమవాసికి ఆ దృశ్యం ఊహకు అందనిది కాదు. గుర్రం వీపు మీద నూరు కిలోల పైచిలుకు మోయించడం ఎక్కడ, అదే గుర్రం చేత నీటిమీద పాతిక టన్నులు లాగించడం ఎక్కడ! మాంచెస్టరులో బొగ్గు ధర సగానికి పడిపోయింది. పింగాణీ సామాను గతుకుల దారుల్లో పగిలిపోతున్నదని బాధపడుతున్న జొసైయా వెడ్జ్‌వుడ్ ముందుకు వచ్చి, ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు 1766లో తొలి గడ్డపార వేశాడు. 1777లో అది పూర్తయింది.

ఆ కాలువకు సొరంగం తవ్వవలసి వచ్చింది. వెడల్పు సొరంగమంటే ఖర్చు, వెడల్పు లాకులంటే కొండమీద దొరకని నీరు. బ్రిండ్లీ లాకుల వెడల్పును ఏడడుగుల పైన కొద్ది అంగుళాలకు, పొడవును 72 అడుగులకు కుదించాడు. ఆనాటికి అది తెలివైన పొదుపు. మధ్య ఇంగ్లండులోని తరువాతి కాలువల్లో చాలావరకు అదే కొలత పట్టాయి. దానితో పడవ కొలత కూడా శాశ్వతంగా నిర్ణయమైపోయింది: పొడవు 70 అడుగులు, వెడల్పు ఏడడుగుల లోపు, మోసేది 25, 30 టన్నులు. అరవై ఏళ్ళ తరువాత రైలు వచ్చినప్పుడు పడవను పెద్దది చేసి పోటీపడదామంటే లాకు ఒప్పుకోలేదు. పడవ పెరగలేనప్పుడు ఖర్చు తగ్గించుకోవాలి. తగ్గించుకోగలిగిన ఖర్చు కూలి ఒక్కటే.

పడవల కుటుంబాలు అలా పుట్టాయి. తొలితరం పడవవాళ్ళలో ఎక్కువమందికి ఒడ్డున ఇల్లు, ఇంట్లో భార్యాబిడ్డలు ఉండేవారు; పడవమీద జీతానికి మరొక మనిషి ఉండేవాడు. 1840ల నుంచి రైలు పోటీకి బాడుగలు పడిపోతుంటే జీతగాణ్ణి మాన్పించి భార్యను, పిల్లలను పడవ ఎక్కించారు. ఒడ్డున ఇంటి అద్దె కూడా మిగిలింది. పడవ వెనుక భాగాన పదడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ లేని క్యాబిన్‌లో పొయ్యి, పగలు మడిచి రాత్రి పరిచే మంచం, ఒక బల్ల, భార్యాభర్తలు, పిల్లలు! మిగిలిన అరవై అడుగులూ సరుకుకే.

పడవలవాళ్ళు సంచారజాతుల సంతతి అని రోల్ట్ నమ్మారు. ఆ నమ్మకం చదవడానికి అందంగా ఉంటుంది. హ్యారీ హాన్సన్ 1975లో ప్రచురించిన 'ద కెనాల్ బోట్‌మెన్' ఆ అందాన్ని పాత రికార్డుల సాయంతో తొలగిస్తుంది. కాలువకు దగ్గరి పల్లెల కూలీలు, చిన్న రైతులే పడవ ఎక్కారు. లెక్కలు కలవక కుటుంబాన్ని వెంట తెచ్చుకున్నారు. ఒక జీవనవిధానంగా తరువాతివారు మెచ్చుకున్నది మొదట కూలి కోతకు జవాబు.

పడవ యజమానుల్లోనూ తేడాలు ఉండేవి. ఎక్కువ పడవలు ఫెలోస్, మార్టన్ అండ్ క్లేటన్ వంటి పెద్ద రవాణా కంపెనీలవి. సొంత పడవ ఉన్నవాణ్ణి 'నంబర్ వన్' అనేవారు. పేరు గొప్పదే గాని బతుకు తాడుమీది నడక. ట్రిప్పు లెక్కన బాడుగ. టన్నుకూ మైలుకూ సుంకం. చలికాలంలో కాలువ గడ్డకడితే బాడుగ లేదు, లాకు మరమ్మతుకు కాలువ మూస్తే బాడుగ లేదు, గుర్రం చస్తే అప్పు. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తే రేవుల్లో నిలిచిపోయిన పడవల సంగతి తెలిసినవారికి ఈ లెక్క కొత్తది కాదు. ఈనాటి ఇంగ్లండులోనూ లాకుల పెద్ద మరమ్మతులు చలికాలంలోనే చేస్తారు. పడవవాడు ఆ జాబితా చూసుకుని తన చలికాలాన్ని ముందుగానే నిర్ణయించుకోవాలి.

రైలు అధిపతి పేరు కాలువకు

రైలు కంపెనీలు కాలువలతో పోటీపడటంతో ఆగలేదు. కొనేశాయి, లేదా కౌలుకు తీసుకున్నాయి. 19వ శతాబ్దం మూడోపాదానికి దేశంలోని కాలువల్లో దాదాపు మూడోవంతు రైలు కంపెనీల చేతిలో ఉంది. కొన్నవాటిని మూసేయడానికి చట్టం ఒప్పుకోదు. పూడిక తీయకుండా వదిలేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. పూడిక పెరిగితే పడవ నిండా సరుకు వేయలేరు. సగం సరుకుతో నడిచిన పడవకు సగం బాడుగే. ఒకప్పుడు పెద్ద కాలువ రవాణాదారు అయిన పిక్‌ఫర్డ్స్ 1840ల్లోనే రైలు వైపు మళ్ళింది. పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు, నంబర్ వన్‌లు మిగిలారు.

ఈ దశలో తెలుగువాళ్ళకు తెలిసిన రెండు పేర్లు కథలోకి వస్తాయి. ఇంగ్లండులో కాలువల కాలం అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆర్థర్ కాటన్ 1854లో 'పబ్లిక్ వర్క్స్ ఇన్ ఇండియా' రాసి, ఇండియాకు రైలుకన్నా నీటిదారే చవక అని వాదించారు. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద ఆయన తవ్వించిన కాలువలు సేద్యానికీ పడవలకూ కలిపి వేసినవి. అందుకే వాటిమీద లాకులు వచ్చాయి. 'లాకు' తెలుగుమాట అయిపోయి, ఊళ్ళలో 'లాకుల దగ్గర' అంటే దారి చెప్పే గుర్తు అయింది. 1878లో పార్లమెంటు సెలెక్టు కమిటీ ముందు కూడా ఆయన అదే వాదన వినిపించారు.

రెండో పేరు బకింగ్‌హామ్ డ్యూకు. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న ఆయన హయాంలోనే, 1877-78 కరువులో అన్నం లేని కూలీలకు పని కల్పిస్తూ కోరమాండల్ తీరపు కాలువను పొడిగించారు. దానికి ఆయన పేరే పెట్టారు. పెద్దగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగే ఆ కాలువకు పేరిచ్చిన పెద్దమనిషి 1853 నుంచి 1861 దాకా లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు అధ్యక్షుడు. బర్మింగ్‌హామ్ కాలువలు, ష్రాప్‌షైర్ యూనియన్ కాలువలు ఆ రైలు కంపెనీ గుప్పిట్లోనే ఉండేవి. స్వదేశంలో కాలువలను శాసించిన రైలు కంపెనీ అధిపతి పేరు తెలుగు తీరాన ఒక కాలువకు దక్కింది!

గాలి లెక్క

1870ల్లో జార్జి స్మిత్ అనే సంస్కర్త రంగంమీదికి వచ్చారు. ఇటుక బట్టీల్లో పిల్లల పని గురించి పోరాడి 1871లో చట్టం సాధించిన మనిషి ఆయన. తరువాత దృష్టి పడవల మీద పడింది. 1875లో 'అవర్ కెనాల్ పాప్యులేషన్' ప్రచురించారు. పడవలమీద లక్షమంది ఉన్నారన్నారు. తరువాతి చరిత్రకారులు ఆ అంకె చాలా ఎక్కువన్నారు. తాగుబోతుతనం, నిరక్షరాస్యత, అపరిశుభ్రత గురించి ఆయన రాసిన తీరులో కోపం, జాలి, ఏవగింపు కలిసిపోయి ఉంటాయి. పడవలవాళ్ళలో చాలామందికి ఆ రాత నచ్చలేదు. అయినా ఆయన చూపించిన బాధ కల్పితం కాదు.

ఫలితంగా 1877 కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది. నివాసానికి వాడే ప్రతి పడవనూ నమోదు చేయాలి. వెనుక క్యాబిన్‌లో కనీసం 180 ఘనపుటడుగుల గాలి ఉండాలి. పన్నెండేళ్ళు దాటిన ప్రతి మనిషికీ 60, చిన్నవాళ్ళకు 40 ఘనపుటడుగుల చొప్పున లెక్కగట్టి ఎంతమంది పడుకోవచ్చో నిర్ణయించాలి. ఎదిగిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు ఏర్పాటు ఉండాలి. అంటురోగం కనిపిస్తే పడవను ఆపవచ్చు. తనిఖీ అధికారి లోపలికి రావచ్చు. 1884లో దీన్నే మరింత బిగించారు.

వైద్య చరిత్ర చదివేవారికి ఈ ఘనపుటడుగుల లెక్క పరిచితమే. ఆసుపత్రులకూ సైనికుల బ్యారక్‌లకూ జైళ్ళకూ ఆ శతాబ్దంలో వేసిన లెక్క ఇది. మంచి గాలి ఉంటే రోగం రాదన్న నమ్మకంలో సగం సత్యం ఉంది. ఇరుకు గదిలో క్షయ తొందరగా పాకుతుంది. కాని లెక్క ఎవరిమీద పడింది? 180 ఘనపుటడుగులు చాలని కుటుంబానికి పెద్ద క్యాబిన్ కట్టుకోవాలంటే సరుకు చోటు తగ్గాలి, అంటే బాడుగ తగ్గాలి. బాడుగ పెంచే మాట చట్టంలో లేదు. అందుచేత పెద్ద పిల్లలను బంధువుల పడవ ఎక్కించడం, తనిఖీ వేళకు గట్టుమీద నడిపించడం పరిష్కారాలయ్యాయి. చదువు సంగతి ఇంకా చిక్కు. పడవ ఏ ఊళ్ళో నమోదైతే పిల్లలు ఆ ఊరి బడికి చెందుతారు. ఆ ఊరు పడవకు నెలకొకసారి కనిపిస్తే గొప్ప. చట్టం పడవను ఇల్లు అన్నది గాని, ఆ ఇల్లు కదులుతుందన్న సంగతిని ఏమీ చేయలేకపోయింది.

చట్టం చేయలేని పనిని కొందరు మనుషులు చేశారు. నార్తాంప్టన్‌షైర్‌లో స్టోక్ బ్రూయెర్న్ లాకుల పక్కన ఇంట్లో మేరీ వార్డ్ అనే స్త్రీ దశాబ్దాలపాటు పడవల కుటుంబాలకు వైద్యసహాయం చేసింది. పడవలవాళ్ళు ఆమెను 'సిస్టర్ మేరీ' అన్నారు. కట్టు కట్టడం, గర్భిణులను చూడటం, ఆసుపత్రికి ఉత్తరం రాసిపెట్టడం, చదువురానివాళ్ళకు వచ్చిన ఉత్తరం చదివిపెట్టడం ఆమె పని. ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. కదిలే రోగి దగ్గరికి కదలని దవాఖానా వెళ్ళలేదు. లాకు దగ్గర పడవ ఎలాగూ ఆగుతుంది గనుక దవాఖానాయే లాకు దగ్గర ఉండాలి. ఈ చిన్న సంగతి ప్రభుత్వానికి తట్టడం కన్నా ముందు ఆమెకు తట్టింది.

దాటినవాడికే హక్కు

1906లో నియమించిన రాయల్ కమిషన్ 1909 దాకా కాలువలను పరిశీలించి, ముఖ్యమైన దారులను వెడల్పు చేసి పెద్ద పడవలకు తగినట్టు మార్చమని సిఫారసు చేసింది. ఆ పని జరగలేదు. 1923లో కూలి కోతకు వ్యతిరేకంగా ఫెలోస్, మార్టన్ అండ్ క్లేటన్ పడవలవాళ్ళు బ్రాన్‌స్టన్‌లో సమ్మె చేశారు. పడవ ఆపడం వాళ్ళకు ఉన్న ఒకే ఆయుధం. అదే వాళ్ళ ఇల్లు కూడా కావడంతో సమ్మె చేస్తున్నవాడు యజమాని పడవలోనే కాపురమున్నాడు! రెండో యుద్ధంలో మనుషులు చాలక ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి సరుకు పడవలు నడిపించారు. వాళ్ళలో ఒకరైన ఎమ్మా స్మిత్ 1948లో రాసిన 'మెయిడెన్స్ ట్రిప్' ఇప్పటికీ చదివించే పుస్తకం.

అప్పటికే రోల్ట్ పుస్తకం చదివిన రాబర్ట్ ఐక్‌మన్ ఆయనకు ఉత్తరం రాశారు. 1945లో ఇద్దరూ టార్డ్‌బిగ్ దగ్గర క్రెసీ పడవలో కలుసుకున్నారు. మరుసటేడు చరిత్రకారుడు చార్లెస్ హాడ్‌ఫీల్డ్, ఫ్రాంక్ ఐర్ తోడుగా ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ స్థాపించారు. సాహిత్యప్రియులకు ఇక్కడ ఒక విశేషం. ఐక్‌మన్ తరువాత దెయ్యం కథల రచయితగా పేరు పొందారు. రోల్ట్ కూడా 1948లో 'స్లీప్ నో మోర్' అనే దెయ్యం కథల సంపుటి వేశారు. సంఘం కార్యదర్శిగా పనిచేసిన ఎలిజబెత్ జేన్ హవర్డ్ రాసిన 'త్రీ మైల్స్ అప్' కాలువమీద నడిచే భయంకరమైన కథ. పూడిపోయిన కాలువ ఈ ముగ్గురికీ దెయ్యాల తావుగా కనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

సంఘం తొలి గెలుపు ఒక వంతెన దగ్గర. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీద, కింగ్స్ నార్టన్ సమీపంలోని ఎత్తుడు వంతెన చెడిపోతే, యజమాని అయిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే దాని స్థానంలో కదలని వంతెన వేసింది. పడవ పోదు. కాని పడవ పోయే హక్కును చట్టం తీసివేయలేదు. ప్రభువుల సభలో ప్రశ్న పడితే, ముందుగా తెలియజేసిన పడవకు వంతెన ఎత్తుతామని జవాబు వచ్చింది. రోల్ట్ వెంటనే నోటీసు ఇచ్చి 1947 మేలో క్రెసీని తీసుకెళ్ళారు. రైల్వే మనుషులు జాకీలు పెట్టి వంతెన లేపారు, పడవ దాటింది. హక్కు ఉన్నదని రుజువు చేయడానికి దాటి చూపడమే మార్గం అయింది.

గెలిచిన తరువాత చీలిక. దేశంలోని ప్రతి మైలు కాలువనూ కాపాడాలని, విహారానికి వచ్చేవారిని కూడగట్టాలని ఐక్‌మన్ పట్టుబట్టారు. ఇంకా సరుకు మోస్తున్న కాలువలను, వాటిమీద బతికే కుటుంబాలను ముందు నిలబెట్టాలని, శక్తి పరిమితమైనప్పుడు వరస ఉండాలని రోల్ట్ అన్నారు. 1951లో రోల్ట్‌ను సంఘం నుంచి తొలగించారు. కాలువలు దక్కిన లెక్కలో ఐక్‌మన్ గెలిచారు. 1964లో తిరిగి తెరిచిన దక్షిణ స్ట్రాట్‌ఫర్డ్ కాలువ, 1990లో తెరిచిన కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ ఆ పట్టుదల ఫలాలు. పడవలవాళ్ళ విషయంలో రోల్ట్ భయపడిందే జరిగింది. 1948 జనవరి 1న కాలువలు జాతీయమయ్యాయి. 1962-63 చలికాలంలో నెలల తరబడి కాలువలు గడ్డకట్టాయి. ఆ దెబ్బతో కొత్తగా ఏర్పడిన బ్రిటిష్ వాటర్‌వేస్ బోర్డు సన్నపడవల సరుకు రవాణాను దాదాపుగా వదిలేసింది. కుటుంబాలు ఒడ్డెక్కాయి.

1968 రవాణా చట్టం కాలువలను మూడుగా విడగొట్టింది: వాణిజ్యపు దారులు, విహారపు దారులు, మిగిలినవి. విహారాన్ని ఒక ప్రయోజనంగా ప్రభుత్వం గుర్తించడం చాలామందికి సంతోషం కలిగించింది. అదే చట్టం బోర్డు కాలువలమీద పాత రాకపోకల హక్కులను తొలగించింది. కింగ్స్ నార్టన్ వంతెనను ఎత్తించిన హక్కు అది. అప్పటినుంచి పడవ కాలువమీద ఉండేది హక్కుతో కాదు, లైసెన్సుతో.

పద్నాలుగు రోజులు

సరుకు పడవలు పోయిన చోటికి ఇళ్ళపడవలు వచ్చాయి. కాలువలను నిర్వహించే ట్రస్టు లెక్క ప్రకారం ఇవాళ దాని నీళ్ళమీద ముప్పై అయిదు వేల పడవలున్నాయి. పారిశ్రామిక విప్లవపు రోజులకన్నా ఎక్కువ. వారాంతపు విహారులు, పదవీవిరమణ చేసినవారు, లండన్ అద్దెలు భరించలేని యువకులు, ఆ బతుకే కోరుకున్నవారు అందరూ వీటి యజమానులు.

వీళ్ళ దినచర్య ఒడ్డునుంచి చూసినంత తీరిక కాదు. నీటి ట్యాంకు నింపుకోవాలి, మరుగుదొడ్డి డబ్బా నిర్ణీతస్థలంలో ఖాళీ చేయాలి, బ్యాటరీలు చూసుకోవాలి, రెండు మూడేళ్ళకొకసారి పడవను ఒడ్డెక్కించి అడుగుకు తారు పూయాలి. నాలుగేళ్ళకొకసారి భద్రతా పరీక్ష. లాకు ఖాళీ అవుతున్నప్పుడు పడవ వెనుక భాగం లోపలి గట్టుమీద చిక్కుకుంటే నిమిషాల్లో మునుగుతుంది. మూసిన క్యాబిన్‌లో బొగ్గు పొయ్యి సరిగా మండకపోతే వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలనొప్పి, వాంతులు వస్తే ఫ్లూ అనుకుని, వెచ్చగా ఉండాలని తలుపులు ఇంకా బిగించి పడుకునేవారు ఉంటారు. 2019 నుంచి దాని అలారం తప్పనిసరి చేశారు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్, వరదనీటి పొలాల్లో దిగే తెలుగు రైతుకు వచ్చే జబ్బే.

అన్నిటికన్నా పెద్ద చింత, పడవ ఎక్కడ కట్టాలన్నది. 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం లైసెన్సు కావాలంటే భద్రతాపత్రం, బీమాతోపాటు సొంత రేవు ఉండాలి. లేదా ఏడాది పొడవునా నిజాయితీగా ప్రయాణం చేస్తూ, తగిన కారణం ఉంటే తప్ప ఏ ఒక్క చోటా పద్నాలుగు రోజులు మించి నిలవకుండా ఉండాలి. బిల్లు తొలిరూపంలో రేవు అందరికీ తప్పనిసరి. పడవలవాళ్ళు పార్లమెంటు కమిటీ ముందు వాదించి ఆ రెండో దారి సంపాదించుకున్నారు. అది వాళ్ళ గెలుపు. కాని 'చోటు' అంటే ఎంత, ఎంతదూరం పోతే 'ప్రయాణం' అన్నది చట్టం చెప్పలేదు. పది మైళ్ళ మేర అటూ ఇటూ తిరిగితే చాలదని 2011లో బ్రిస్టల్ కోర్టు తీర్పు ఇచ్చింది. తరువాత ఏడాదిలో 15, 20 మైళ్ళ పరిధికి తగ్గితే లైసెన్సుకు చిక్కు రావచ్చని నిర్వాహకులు సూచించారు.

ఒంటరివాడికి ఇది కొంత శ్రమ. బడికి పోయే పిల్లలున్న ఇంటికి, వారం వారం డయాలిసిస్ చేయించుకునే మనిషికి, గర్భిణికి ఇది వేరే లెక్క. వైద్యుడి దగ్గర పేరు నమోదుకు చిరునామా రుజువు అక్కరలేదని ఆరోగ్యశాఖ నియమం ఉన్నా, కౌంటరు దగ్గర మొదట అడిగేది చిరునామాయే. 2022-23 చలికాలంలో ఇంటింటికీ 400 పౌండ్ల ఇంధన సాయం ఇచ్చినప్పుడు, రేవు లేని పడవలకు ఆ సొమ్ము అందలేదు. కారణం, స్థిరమైన చిరునామా లేకపోవడం. పద్నాలుగు రోజుల్లో కదలమన్నదీ చట్టమే, కదిలినందుకు సాయం ఆపిందీ ప్రభుత్వమే. 2009లో ఏర్పడిన నేషనల్ బార్జీ ట్రావెలర్స్ అసోసియేషన్ ఈ తగాదాలనే మోస్తున్నది. 2016 గృహనిర్మాణ చట్టం, పడవ ఇళ్ళు కట్టుకునే చోట్ల అవసరాన్ని స్థానిక సంస్థలు లెక్కలోకి తీసుకోవాలన్నది. అంటే ఒకే దేశంలో ఒక చట్టానికి పడవ వాహనం, మరొకదానికి ఇల్లు.

ఎదుటిపక్షానికీ న్యాయముంది. 2012లో ఇంగ్లండు, వేల్స్ కాలువలు కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే ధర్మసంస్థకు బదిలీ అయ్యాయి. రెండు వేల మైళ్ళ పాత లాకులు, సొరంగాలు, జలాశయాలు దాని నెత్తిన ఉన్నాయి. 2019 ఆగస్టులో వానలకు టాడ్‌బ్రూక్ జలాశయం దెబ్బతిని, వేలీ బ్రిడ్జ్ పట్టణంలో 1,500 మందిని ఖాళీ చేయించారు. కాలువకు నీరివ్వడానికి 19వ శతాబ్దంలో కట్టిన జలాశయం అది. ప్రభుత్వం 2027 నుంచి పదేళ్ళకు 40 కోట్ల పౌండ్లు ఇస్తామని 2023లో ప్రకటించింది. ధరల పెరుగుదల లెక్కలో ఇది 30 కోట్ల పైగా తగ్గింపు అని ట్రస్టు వాపోయింది. లోటు పూడ్చడానికి 2024 ఏప్రిల్ నుంచి రేవు లేని పడవలకు అదనపు రుసుము వేసి, అయిదేళ్ళలో దాన్ని 25 శాతానికి పెంచుతామన్నది. నిత్యం తిరిగేవారు లాకులనూ కుళాయిలనూ ఎక్కువ వాడతారని, రేవు ఉన్నవారు దానికి ఎలాగూ డబ్బు కడుతున్నారని ట్రస్టు, రేవు యజమానులు అంటారు. ఉన్న రేవులే చాలనప్పుడు లేనందుకు జరిమానా ఏమిటని, గట్టు బాటమీద నడిచేవాళ్ళందరికీ ఉచితమైన కాలువ తమకే ఎందుకు ప్రియం కావాలని తిరిగేవారు అంటారు. రెండు వాదనల్లోనూ లెక్క తప్పలేదు. నిజానికి ఇద్దరూ తగ్గిపోతున్న ఒకే సంచీ కోసం పోట్లాడుకుంటున్నారు. ఆ సంచీ ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్న పార్లమెంటుది.

గోదావరి గట్టున

ఈ తగాదా చదువుతున్న తెలుగు పాఠకుడికి ఒక పోలిక తట్టకపోదు. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువల మీద గూటిపడవలు ధాన్యం, కొబ్బరి, కలప, మనుషుల్ని మోశాయి. గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టున నడుస్తూ పడవ లాగారు. రోడ్లూ లారీలూ వచ్చాక అవి తెరమరుగయ్యాయి. అక్కడ కాలువ చావలేదు. పొలానికి నీరు కావాలి గనుక ప్రభుత్వం దాన్ని బతికించుకున్నది. పోయింది పడవ ఒక్కటే. 2008లో ఆ దారులను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు వినబడింది సరుకుల మాట, టన్నుల మాట. ఆ టన్నులను ఒకప్పుడు భుజాలమీద లాగిన కుటుంబాలు ఏమయ్యాయన్నది ఎవరి లెక్కలోనూ రాలేదు.

ఇంగ్లండులో మిగిలినవి పడవలూ, వాటితోపాటు ఒక చిన్న గ్రంథాలయమూ. రోల్ట్ ప్రేమతో రాశారు, హాన్సన్ రికార్డులు తిరగేసి రాశారు, ఎమ్మా స్మిత్ అరచేతుల బొబ్బలతో రాశారు. మూడూ కలిపి చదివితేనే పడవవాడు పూర్తిగా కనిపిస్తాడు: యాత్రికుడుగా, కూలీగా, ఇంటివాడుగా. రేపు కాలువ రుసుముల మీద వచ్చే ప్రతి కమిటీ నివేదికలోనూ అతణ్ణి వీటిలో ఏదో ఒకటిగా మాత్రమే రాస్తారు. మిగిలిన రెండూ అడిగి రాయించుకోవడమే పడవలవాళ్ళ రాజకీయం.